కట్టినవారే కాపురముండునట్లు

పఠన భాగములు: యెషయా 65:17–25, యిర్మీయా 22:13–17, ద్వితీయోపదేశకాండము 24:10–15, నెహెమ్యా 3వ అధ్యాయము.

ఈ మాసపు పాఠము ఇంటిని గూర్చినది. పరలోకమందలి నివాసములను గూర్చి కాదు. నాలుగు గోడలు, ఒక కప్పు, ఒక గడప గల సామాన్యమైన ఇంటిని గూర్చియే.

గత కొన్ని దశాబ్దములుగా అమెరికా, కెనడా, దక్షిణ కొరియా వంటి దేశముల సంఘములలో ఒక వాడుక బలపడినది. సంఘములోని యువజనులును, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలును పదిమంది ఇరువదిమంది జట్టుగా కూడి, ప్రయాణపు ఖర్చులు తామే సమకూర్చుకొని, పరదేశమునకు పోయి, వారము పది దినములు అక్కడ నుండి, ఇల్లు లేని కుటుంబమునకు ఇల్లు కట్టుటలో సాయపడి తిరిగి వత్తురు. దీనిని మిషన్ ట్రిప్పు అందురు. మన దేశమునకును అట్టి జట్లు వచ్చియున్నవి. మన పట్టణ సంఘముల యువజనులలోను కొందరు దీనిని మెచ్చుకొని, సెలవులలో పల్లెలకు పోయి తామును ఇట్లు చేయవలెనని కోరుచున్నారు.

ఇది మంచి పనియేనా? మంచి పనియే. చలిలో వణకుచున్న సహోదరునికి వెచ్చగా ఉండుమని మాట మాత్రము చెప్పి పంపివేయువానిని యాకోబు భక్తుడు ఎట్లు గద్దించెనో మనకు తెలియును. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతముల విశ్వాసులమైన మనము ఈ ప్రశ్నను మరియొక వైపునుండి చూడవలసియున్నది. ఏలయనగా ఇల్లు కట్టుట చేతకానివారి దేశము కాదిది. దేశములోని పెద్ద పెద్ద కట్టడములకు రాయి మోసిన చేతులు ఇక్కడివే.

పాలమూరు కూలీ అను మాట తెలియని కాంట్రాక్టరు లేడు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా (2016లో విభజింపబడి, ఇప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మొదలగు జిల్లాలైనది) వర్షము తక్కువైన నేల. కృష్ణా తుంగభద్రలు ప్రక్కనే పారుచున్నను పొలమునకు నీరెక్కని కాలము చాల కాలము నడచినది. పంట లేనప్పుడు గుంపు మేస్త్రి వచ్చును. ముందుగా కొంత సొమ్ము బయానాగా చేతిలో పెట్టును. ఆ సొమ్ము పెండ్లికో, వైద్యమునకో, పాత అప్పునకో పోవును. తరువాత భార్యాభర్తలిద్దరును పిల్లలను ముసలివారియొద్ద విడిచియో, చంక నెత్తుకొనియో, ఆనకట్టలకును కాలువలకును రోడ్లకును పోవుదురు. పని జరుగు చోటనే గుడారము. పని ముగిసిన పిమ్మట గుడారము విప్పి మరియొక చోటు. ఈ వలసలలోని అన్యాయమును అరికట్టుటకు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము 1979లో వచ్చినదిగాని, చట్టము పుస్తకములోను బయానా చేతిలోను ఉండిపోయెను. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా పథకముల నీరు వచ్చిన ఊళ్లలో వలసలు తగ్గినవి. అందుకు దేవునికి స్తోత్రము. పూర్తిగా మానలేదు.

ఇప్పుడు యెషయా 65వ అధ్యాయమును తెరచి చూడుడి. దేవుడు సృజింపబోవు క్రొత్త లోకమును వర్ణించుచు ప్రవక్త ఏమి చెప్పుచున్నాడు? బంగారు వీధులను చూపలేదు. ఇండ్లు కట్టినవారు ఆ ఇండ్లలోనే కాపురముందురనియు, ఒకడు కట్టగా మరియొకడు అందులో చేరుట ఇక జరగదనియు చెప్పుచున్నాడు. ద్రాక్షతోట నాటినవాడే దాని ఫలము తినును. ఇది చదువునప్పుడు రాజులకును భాగ్యవంతులకును ఇందులో గొప్ప విశేషమేమియు కనబడకపోవచ్చును. బొంబాయిలో పదునాలుగంతస్తుల మేడకు ఇసుక మోసి, తిరిగి వచ్చి బోదగడ్డి గుడిసెలో పండుకొను తల్లికి ఈ వచనము చదివి వినిపింపుడి. వ్యాఖ్యానము అవసరముండదు.

యిర్మీయా 22వ అధ్యాయము దీనికి ఎదురుగా నిలిచిన అద్దము. యెహోయాకీము రాజు విశాలమైన మేడగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎఱ్ఱని రంగు కోరెను. పనివానికి కూలి ఇయ్యలేదు. ఆ ఇంటిమీద ప్రవక్త శ్రమ పలికెను. ఆ రాజు తండ్రియైన యోషీయా దీనుల వ్యాజ్యెము తీర్చెననియు, దేవుని ఎరుగుట అంటే అదియేననియు అక్కడ చెప్పబడినది. దేవుని ఎరుగుట కూలి చెల్లించుటలో ఉన్నదని ఇంత సూటిగా చెప్పిన చోటులు లేఖనములలో కొన్నియే.

మరియొక సంగతి. ఈ ప్రాంతములో ఇల్లు లేకపోవుటకు పేదరికమొక్కటియే కారణము కాదు. ఉన్న ఇల్లు పోవుటయు కారణమే. శ్రీశైలము జలాశయము నిండుటకు ముందు, 1981లో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలోని ముంపు గ్రామముల ఇండ్లను ప్రభుత్వమువారే కూల్చివేసిరి. కొల్లాపూర్, ఆలంపూర్ ప్రక్కల వృద్ధులు నేటికిని నీటి అడుగుననున్న తమ వీధులను లెక్కించి చెప్పగలరు. తరువాత 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచినప్పుడు, ఈవలి గట్టున రాజోలి, ఆలంపూర్ ప్రాంతపు ఊళ్లలో మట్టి గోడలు కరగి నేల కూలెను. రాజోలి చేనేతకు పేరుపొందిన గ్రామము. ఇండ్లతోకూడ మగ్గములును మునిగెను. దీనిని గూర్చి క్రింద మరల చెప్పుదుము.

మన సంఘ చరిత్రనుకూడ ఒక్కసారి తలంచుదము. 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు మొదలగువారు అమెరికానుండి హైదరాబాదు సంస్థానమునకు వచ్చినప్పుడు మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ పని ఆరంభమాయెను. కొద్ది సంవత్సరములకే బెర్గ్‌తోల్డ్ దొరగారి చేతులమీదుగా నాగర్‌కర్నూల్ మిషన్ స్టేషను వెలసెను, తరువాత వనపర్తిలో. గద్వాల, మహబూబ్‌నగర్ క్షేత్రములు మొదట అమెరికన్ బాప్టిస్టువారివి. అవి 1937లో మెన్నోనైట్ బ్రెదరన్‌వారి చేతికి వచ్చెను. బడులు, ఆసుపత్రులు, ప్రార్థన మందిరములు, బంగళాలు లేచెను. ఆ మేలును మరచువారము కాము. జడ్చర్ల ఆసుపత్రిలో ప్రాణము దక్కినవారు మన కుటుంబములలో ఎందరో!

అయితే ఆ బంగళాల రాతి గోడలెత్తినది, సున్నము దంచినది ఇక్కడివారే. గోడ ముగిసిన తరువాత పనివారు తమ వాడకు, తమ గుడిసెకు పోయిరి. దొరగారిది బంగళా, మనది గుడిసె అను వాడుక రెండు తరములు నడచెను. ఆనాటి మిషనెరీలను తప్పుపట్టుట మన ఉద్దేశము కాదు. జ్వరములకు బిడ్డలను పోగొట్టుకొనుచు ఇక్కడ నిలిచినవారికి ఎత్తైన కప్పు అవసరమే. కాని కట్టుటకు పరదేశమునుండి ఎవరైన వచ్చినప్పుడు మన పెద్దలు ఎందుకు మాటలేక చేతులు కట్టుకొని నిలిచెదరో తెలిసికొనవలెనన్నచో, ఈ చరిత్ర తెలిసియుండవలెను. ఇల్లు ఏ దిక్కున ఉండవలెనని అడిగినను "మీ ఇష్టము అయ్యా" అందురు. అది సమ్మతి కాదు, అలవాటు.

దీనికి భిన్నమైన మాదిరియు మన తెలుగు దేశములోనే కలదు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసికొనిరి. ఆకలిగొన్నవారికి గంజి పోయుటకంటె, పని చూపి కూలి ఇచ్చుట మేలని ఆయన తలంచెను. సంఘ బోధకులే పనిమీద పెద్దలుగా ఉండిరి. ఇంతకంటె గమనింపదగినది మరియొకటి. కరువు పని, సహాయము జరుగుచున్నంత కాలము, అనగా ఒక సంవత్సరమునకు పైగా, ఆయన బాప్తిస్మములిచ్చుట ఆపివేసెను. రొట్టెకొరకు వచ్చువారెవరో, ప్రభువుకొరకు వచ్చువారెవరో కలిసిపోకూడదని ఆయన భయము. సహాయము నిలిచిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. జనులు ఆ సంఖ్యను చెప్పుకొందురు; ఆపివేసిన ఆ సంవత్సరమును చెప్పుకొనరు. మాకు ఆ సంవత్సరమే పెద్దదిగా తోచుచున్నది. ఇల్లు కట్టుచు మతమును గూర్చి బేరమాడినచో అది ఇల్లు కాదు, ఎర. మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల ఇంటికి చేర్చెను. నీవు ఏ సంఘమువాడవని అడిగినట్లు లూకా వ్రాయలేదు.

మెన్నోనైట్ మిషనెరీలు బయలుదేరివచ్చిన కాన్సాస్ వంటి రాష్ట్రములలో పొరుగువాని కొట్టము కాలిపోయినయెడల ఊరంతయు కూడి మరల నిలబెట్టుట వాడుక. 1950లో అక్కడివారు ఈ వాడుకనుబట్టి మెన్నోనైట్ డిజాస్టర్ సర్వీస్ అను సేవను ఆరంభించిరి. తుపానులు, వరదలు వచ్చిన చోటికి తమ పనిముట్లతో పోయి ఇండ్లు బాగుచేయుట వారి పని. గమనించుడి, వారు రైతులు, వడ్రంగులు. సుత్తి పట్టుట తెలిసినవారు.

బాప్టిస్టు బోధకుడైన క్లారెన్స్ జోర్డాన్ 1942లో జార్జియా రాష్ట్రములో కొయినోనియా అను పేరుతో ఒక పొలమును ఆరంభించి, నల్లవారును తెల్లవారును కలిసి జీవించునట్లు చేసెను. అక్కడికి వచ్చిన మిల్లర్డ్ ఫుల్లర్ అను న్యాయవాది, అతని భార్య లిండా, ఆఫ్రికాలోని జైరు దేశములో 1973నుండి మూడేండ్లు ఇండ్లు కట్టించి, తిరిగి వచ్చి 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించిరి. మన దేశములో ఆ సంస్థ పని 1983లో మొదలైనది. అదియు ఎక్కడో కాదు, మన ఖమ్మములోనే. 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు, ఆయన భార్య రోజలిన్ మహారాష్ట్రలోని లోనావలా దగ్గర ఆ సంస్థ జట్టుతో కూడ ఇండ్లు కట్టుటకు వచ్చిరి. అధ్యక్షుడుగా నున్నవాడు తాపీ పట్టుట చూచి పత్రికలు మెచ్చుకొనెను. మనము గమనింపవలసినది పునాదిలోనున్న నియమము. ఫుల్లరు ఇల్లును ఊరక ఇయ్యలేదు. లాభము లేకయు, పేదవానియొద్ద వడ్డీ తీసికొనకూడదని నిర్గమకాండము 22వ అధ్యాయము చెప్పినట్లు వడ్డీ లేకయు అప్పుగా ఇచ్చెను. ఆ కుటుంబముకూడ తన చెమటను గోడలో కలుపవలెను. వాయిదాలుగా తిరిగివచ్చిన సొమ్ము మరియొకరి ఇంటికి పోవును. అప్పుడు ఇల్లు పొందినవాడు ఇచ్చువాడును అగును. బిచ్చము పుచ్చుకొన్నానని తల వంచుకొననక్కరలేదు.

ఇక ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము. ఇక్కడ ఒక చిన్న ఆజ్ఞ కలదు. పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకొనుటకు పోయినప్పుడు, ఆ పేదవాని ఇంటిలోనికి చొరరాదు. వెలుపలనే నిలువవలెను. ఇంటివాడు తానే లోనికి పోయి వస్తువు తీసికొని వచ్చి ఇయ్యవలెను. ఎంత చక్కని కట్టడ! ఇంటిలో ఏమున్నదో, కుండలో బియ్యమున్నవో లేవో, మూలను ఎవరు జబ్బుగా పడియున్నారో పైవాడు చూడరాదు. అప్పు తీసికొన్నంతమాత్రమున గడపమీది అధికారము పోదు. తాకట్టు తెచ్చుకొనువాడే గడప యొద్ద ఆగవలసియుండగా, దానము చేయువాడు ఎక్కడ నిలువవలెను?

ఈ కట్టడ ఇండ్లు కట్టు జట్లకు ముందుగా చదివి వినిపింపదగినది. ఏలయనగా ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది. గుడిసెలోని పగిలిన పొయ్యిని, చింపిరి తల బిడ్డను ఫొటో తీసి, సముద్రముమీదుగా పంపి, చందాలు రాబట్టుట సులువైనది. ఆ బిడ్డ పెద్దదై, చదువుకొని, ఆ ఫొటోను చూచుకొను దినమొకటి వచ్చును. ఇంటివారి సెలవు లేక లోనికి పోకుడి. సెలవు అడిగినను, సాయము చేయువాడు అడిగినప్పుడు పేదవాడు కాదనలేడని ఎరిగి అడుగుడి.

నెహెమ్యా 3వ అధ్యాయమును పేర్ల పట్టికయని దాటివేయువారు చాలమంది. ఈ మాసము దాటివేయక చదువుదము. అది ప్రపంచములోని గొప్ప మస్టరు రోలు. అక్కడ ఎందరో తమ తమ ఇండ్లకు ఎదురుగానున్న గోడను కట్టిరి. ఒకడు తన గదికి ఎదురుగానున్న కొద్దిపాటి భాగమును మాత్రమే కట్టెను. వారి మధ్య యెరికోవారు, గిబియోనువారు, తెకోవవారు, అనగా పొరుగూరివారుకూడ నున్నారు. వారి ఇండ్లు ఆ గోడలోపల లేవు. అయినను వచ్చి, చూపిన చోట నిలిచి, చూపినంత మేర కట్టిరి. మిషన్ ట్రిప్పులకు లేఖనములో మాదిరి అడిగినవారికి మేము యెరికోవారిని చూపుదుము. ప్రధానుడు నెహెమ్యా; ఇంటివాడు యెరూషలేమువాడు; వచ్చినవాడు ప్రక్కనున్న చేయి. షల్లూము కుమార్తెలు పనిచేసిరని వ్రాయబడినది గనుక స్త్రీలు రాళ్లు మోయుట క్రొత్త కాదు. క్రొత్తదేమనగా వారు పట్టికలోనికి ఎక్కుట. తెకోవవారిలో ఘనులు మాత్రము మెడ వంచలేదట! మరియు మల్కీయా అను అధికారి పెంట గుమ్మమును బాగుచేసెను. నేటి పనిలో అది మరుగుదొడ్డి. జట్టుగా వచ్చినవారందరును ముందు గోడకు రంగు వేయ కోరుదురు. మరుగుదొడ్డి గొయ్యి త్రవ్వెదనని ముందుకు వచ్చువాడు మల్కీయా వంశమువాడు.

కొన్ని కార్యసంబంధమైన మాటలు చెప్పవలసియున్నది. పైనుండి వచ్చు జట్టు పది దినములుండును. స్లాబు పోసిన తరువాత దానికి రెండు వారములైనను నీరు పట్టవలెను. సెంట్రింగ్ ఊడదీయుటకు రెండు మూడు వారములు ఆగవలెను. అనగా జట్టు విమానమెక్కిన పిమ్మటనే ఇల్లు గట్టిపడును. ఆ నీరు ఎవరు మోయుదురు? ఇంటి ఇల్లాలే. ఎండకాలములో బోరు ఎండినప్పుడు బిందెకు ఎంత నడవవలెనో ఆమెకు తెలియును. కావున పది దినముల పనిని ఇల్లు కట్టుట అని పిలువక, ఇంటి పనిలో పది దినములు సాయపడుట అని పిలుచుట సత్యము. నిధి పంచునప్పుడు, జట్టు వెళ్లిన తరువాతి నెలకుకూడ సొమ్ము మిగిల్చియుంచవలెను. ఒక్కరి విమాన టిక్కెట్టు వెలతో ఊరి మేస్త్రికి, అతని క్రింది కూలీలకు ఎన్ని దినముల కూలి వచ్చునో లెక్క వేసి చూచుకొనుడి. లెక్క వేసినతర్వాతకూడ రావచ్చును. స్నేహమునకును విలువ కలదు. కాని ఊరి మేస్త్రిని ప్రక్కకు నిలిపి, ఇటుక పేర్చుట రాని చేతులతో గోడ కట్టించి, రాత్రి ఆ గోడను మేస్త్రిచేత విప్పించి మరల కట్టించుకొనుట స్నేహము కాదు. వచ్చినవాడు మేస్త్రి క్రింద కూలీగా నిలువవలెను; మేస్త్రికి పూర్తి కూలి ముట్టవలెను. యిర్మీయా శ్రమ పలికినది దేవదారు మేడకు మాత్రమే అనుకొనరాదు.

ఇంటి నమూనా సంగతి. రాజోలి, గద్వాల ప్రాంతముల నేతపనివానికి ఇల్లు అంటే మగ్గముండు చోటు. గుంట మగ్గమునకు నేలలో గొయ్యి కావలెను, పొడుగాటి గది కావలెను. రెండు చిన్న గదులుగా విభజించిన అందమైన ఇల్లు వానికి ఇచ్చినచో, పండుకొనుటకు చోటిచ్చి అన్నము తీసివేసినట్లగును. అమ్రాబాదు అడవులలోని చెంచు పెంటలలో సిమెంటు రేకుల క్రింద మే నెల మధ్యాహ్నము ఎట్లుండునో ఊహించి చూడుడి. మన పెద్దలు కట్టిన మట్టిమిద్దెలు లోపల చల్లగా ఉండును. గద్వాల కోటయే మట్టి గోడల కోట. మట్టితో కట్టుటను పేదరికమని నవ్వరాదు. వరదకు నిలువదన్నది నిజమే గనుక, ఏటి ఒడ్డున ఒక పద్ధతి, మెరక మీద ఒక పద్ధతి కావలెను. దీనిని నిర్ణయించుటకు ఆ ఇంటివారిని, ఆ ఊరి మేస్త్రిని అడుగుడి. షూనేమీయురాలు ఎలీషాకు గది కట్టించినప్పుడు మంచము, బల్ల, పీట, దీపస్తంభము అమర్చెను. బాటసారికి ఏమి కావలెనో ఆమె మొదట చూచి తెలిసికొన్నది.

కప్పు మీద పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక ఆజ్ఞ ఉన్నది. సొమ్ము చాలనప్పుడు మొదట మానివేయునది పిట్టగోడనే. వేసవి రాత్రులు మిద్దెమీద పిల్లలతో పండుకొను ఈ ప్రాంతములో అట్లు చేయరాదు.

పట్టా సంగతి అన్నిటికంటె ముఖ్యము. నేల ఎవరిదో తేలకమునుపు గోడ లేపినచో, వివాదము రాగానే ఇల్లు పోవును. సంఘము పేరను, సొసైటీ పేరను స్థలము పెట్టుకొని పేదవానిని అందులో ఉంచుటయు మంచిది కాదు. వాడు అద్దెలేని అద్దెవాడగును, కమిటీలో మాట తేడా వచ్చినప్పుడు గడప దాటవలసివచ్చును. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు నిలువబడి తమ తండ్రి స్వాస్థ్యమును తమ పేరను అడిగిరి. దేవుడు వారి మాట న్యాయమైనదనెను. తెలంగాణ ప్రభుత్వము 2024లో ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకములో ఇల్లు స్త్రీ పేరనే మంజూరగును. సొంత స్థలము గలవారికి 5 లక్షల రూపాయలు విడతలుగా ఇచ్చెదరు. ఇందులో ఒక చిక్కు కలదు. మొదటి విడత బేస్‌మెంటు లేచిన తరువాతనే వచ్చును. చేతిలో ఏమియు లేని విధవరాలు పునాది ఎట్లు త్రవ్వించును? మంజూరు కాగితము ట్రంకు పెట్టెలో ఉండును, గుడిసె గుడిసెగానే ఉండును. లేదా వడ్డీ వ్యాపారి ముందుకు వచ్చును. అమెరికానుండి జట్టును పిలుచుటకు ముందు, మన సంఘములే ఇట్టి ఒక్క కుటుంబమునకు పునాది మట్టుకు వడ్డీలేని సొమ్ము చేబదులిచ్చి, విడత రాగానే తీసికొని మరియొకరికి ఇయ్యగలిగినచో, ఫుల్లరు నియమము మన ఊరిలోనే నడచును. మాసిదోనియ సంఘములు తమ దారిద్ర్యములోనే ఇచ్చెనని 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో పౌలు సాక్ష్యమిచ్చుచున్నాడు. వారు ఇచ్చుటకు ఎవరి రాకకొరకును కనిపెట్టలేదు.

పరదేశమునుండి వచ్చు సొమ్మునకు 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము వర్తించును. రిజిస్ట్రేషను గల సంస్థ, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో నిర్ణీతమైన ఖాతా ద్వారానే విరాళము పుచ్చుకొనవలెను. వచ్చిన అతిథి జేబులోనుండి నోట్లు తీసి చేతిలో పెట్టుట, కాపరి పేరుమీద ఖాతాకు పంపుట సరికాదు. ఇందులో తెలిసితెలియక చేసిన పని పేద కుటుంబమును కాదు, సంఘమంతటిని ఇబ్బందికి తెచ్చును. సంఘపు ట్రెజరరులు దీనిని చదివి వదలివేయక, ఒక లెక్కలు తెలిసిన సహోదరుని అడిగి తెలిసికొనవలెనని కోరుచున్నాము.

ఇట్లు వ్రాసినందున జట్లు రాకూడదని మా భావమని ఎవరును తలంచవలదు. రావచ్చును. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట దిగి, వారితోకూడ డేరాలు కుట్టెను. అతిథి చేతికి పని దొరికినప్పుడు ఆతిథ్యము సమానముగా జరుగును. రాత్రి భోజనమునకు జొన్నరొట్టెయు పచ్చడియు పెట్టినప్పుడు ఆ పరదేశపు పిల్లవాడు నేలపై కూర్చుండి తినును. ఇంటి తల్లి, తాను కట్టిన ఆనకట్టను గూర్చి, తాను చూచిన బొంబాయిని గూర్చి చెప్పును. వాడు అంతవరకు తనకు సాయము కావలసిన స్త్రీని చూచుచున్నాననుకొనెను. ఇప్పుడు పెద్ద మేస్త్రి యెదుట కూర్చున్నానని తెలిసికొనును. ఆ ఒక్క రాత్రికొరకైనను ప్రయాణము దండుగ కాదని మాకు తోచుచున్నది.

కూడికలో మాటలాడుకొనుటకు. మీ సంఘములో ఇతరుల ఇండ్లు కట్టుటకు వలస పోయినవారు ఎందరు? వారిలో ఎందరికి తమ పేరను ఇంటి పట్టా కలదు? పేర్లు వ్రాయుడి, నెహెమ్యా వ్రాసినట్లు, స్త్రీల పేర్లుకూడ. యెషయా 65నుండి చదువబడిన భాగమును విని ఆ తల్లులు ఏమి చెప్పుదురో, బోధకుడు మాటలాడకముందే వారిచేత చెప్పించుడి. మంజూరు కాగితము ఉండియు పునాది లేనివారు మీ వాడలో ఉన్నచో, ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, వచ్చే మాసపు కూడికకు ఆ కాగితమును వెంట తీసికొని రమ్మని వారికి చెప్పుడి. సంఘ పెద్దలలో ఒకరు వారితో మండలాఫీసుకు పోవుటకు దినము నిర్ణయించుకొనవచ్చును.